పోటుకు గుడిదీర్ఘం

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీ పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీరు ఆడపిల్లల్ని కానూ పడవల్లో తీసుకుపోయి ఒక రాత్రి బయట బస చేయించినారంట గదా, ఎట్టా చేసినారు?" అని అడుగుతా ఉండారు. నేను ఏవో సూత్రాలు చెబితే ఎక్కించుకుందామని చేతిలో ఫోను సిద్ధంగా పెట్టుకుంటారు. నాయనా, సూత్రాలేమీ లేవు. లైఫ్ జాకెట్లు, తాళ్లు, మందుల పెట్టె, వెనకాల ఇంజను పడవ, దాంట్లో ఈతొచ్చిన మనుషులు. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, చదువుకోండి. అవి లేకుండా పిల్లల్ని నీళ్లలోకి దించినారని తెలిస్తే నేనే వచ్చి మీ చెవి మెలిపెడతాను. పుస్తకాల్లో లేనిది ఒకటుంది, ఫ్లెక్సీ. నేను చెప్పేది దాని గురించి.

మాది తోటపల్లి గూడూరు వైపు ఒక ప్రైవేటు హైస్కూలు. ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు, వాటిని దాటితే ఉప్పు కాలువ. మ్యాపుల్లో దానికి బకింగ్‌హామ్ కాలువ అని పెద్ద పేరుంది గానీ మా నోటికి ఉప్పు కాలువే. సముద్రం నీళ్లు ఏటి గుండా ఈ కాలువలోకి ఎక్కుతాయి, మళ్లా వెనక్కి తీస్తాయి. ఎక్కేదాన్ని పోటు అంటాం, తీసేదాన్ని పాటు అంటాం. పోటు మీద కాలువ గట్టు దాకా నిండుగా ఉంటుంది. పాటు వచ్చిందంటే రేవు దగ్గర మోకాటి లోతు అడుసు తేలుతుంది, పడవ అందులో కూర్చుండిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, చాలు.

నేను ఆ బళ్లో డ్రిల్లు టీచర్ని. డ్రిల్లు టీచరంటే మీకు తెలిసిందే. పొద్దున ప్రేయర్లో వరసలు సరిచేయడం, ఎవరైనా పెద్దమనిషి వస్తే పిల్లల్ని ఎండలో నిలబెట్టడం, లెక్కల సార్ సిలబస్ అయిపోలేదంటే నా పీరియడ్ ఆయనకు దానం చేయడం. మా బళ్లో ఆడపిల్లలకు ఉండే ఆటలు మూడు. ముగ్గులు వేయడం, టెన్నికాయిట్, ముఖ్య అతిథికి బొకే ఇవ్వడం. మూడోదానికే ప్రాక్టీసు ఎక్కువ.

రిటైరయ్యే ఏడాది నాకొక తిక్క పుట్టింది. కాలువ పక్కనే పుట్టి, రోజూ వంతెన మీద నుంచి దాన్ని చూస్తా బడికొచ్చే తొమ్మిదో తరగతి ఆడపిల్లల్లో ఒక్కరు కూడా దాంట్లో కాలు పెట్టి ఎరగరు. మగపిల్లలు గట్టు మీద నుంచి దూకతానే ఉంటారు, ఎవరూ అడగరు. నాకు తెలిసిన ఒక శిక్షణ కేంద్రం వాళ్లను బతిమాలి కొన్నాళ్లకని ఆరు కానూలు తెప్పించినాను. పసుప్పచ్చ ప్లాస్టిక్‌వి, ఒక్కోదాంట్లో నలుగురు కూర్చోవచ్చు. వాటిని లారీ నుంచి దించతా ఉంటే మా ఆయా వచ్చి, "ఇవేంది మేడమ్?" అంది. కానూలు అన్నాను. "ఏం కానూ? పడవ కానా, దోనె కానా?" అంది. ముందు ఆ కొస పట్టుకో అన్నాను.

నెలల తరబడి సాయంత్రాలు పిల్లలకు ఈత నేర్పించి, తెడ్డు పట్టించినాను. మొదట్లో గుండ్రంగా తిరిగినారు. తర్వాత వంకరగా పోయినారు. ఆ తర్వాత, చెబితే దిష్టి తగులుతుంది గానీ, నేరుగా పోయినారు. అప్పుడు మా కరస్పాండెంట్ గారి దగ్గరికి పోయి, రేవు దగ్గర బయలుదేరి పైన సరుగుడు తోపు దాకా పోయి, ఇసక మీద డేరాలు వేసుకొని ఒక రాత్రి ఉండి, మర్నాడు పొద్దున వస్తామని అడిగినాను.

మా కరస్పాండెంట్ మంచివాడే. చెడ్డపని ఒక్కటీ చేయడు. ఆ మాటకొస్తే ఫోటో పడని పని కూడా ఒక్కటీ చేయడు. "మగపిల్లల్ని తీసుకుపోండి మేడమ్," అన్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి, "సరే, తండ్రులు ఒప్పుకుంటే నాకేముంది," అన్నాడు. తండ్రులు ఒప్పుకోరని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

మొదట మా చర్చి సంఘం పెద్దాయన ఇంటికే పోయినాను, ఆయన కూతురూ తెడ్డు పట్టినవాళ్లలో ఉంది. వరసకి నన్ను చెల్లెలంటాడు. "ప్రార్థన చేసుకొని చెబుతానమ్మా," అన్నాడు. మూడు ఆదివారాలు దాటినా ఆయన ప్రార్థన ముగియలేదు. రొయ్యల గుంటలాయన, "ఆడబిడ్డని రాత్రిపూట గుంట గట్టు మీదికే పంపం, కాలవెంబడా?" అన్నాడు. మిగతావాళ్లు, ఆయన్ని అడిగి చెబుతాం, ఈయన్ని అడిగి చెబుతాం అన్నారు. ఒకరినొకరు అడుక్కుంటా అందరూ సుఖంగా ఉన్నారు.

చివరికి టైలరన్న దగ్గరికి పోయినాను. బస్టాండు పక్కన దుకాణం, మా బడి యూనిఫారాలన్నీ ఆయనే కుట్టేది. సాయిబుల పిల్ల, ఆయన కూతురు, కానూలో వెనక కూర్చొని దారి తిప్పేది. ఆ పిల్ల వెనక కూర్చుంటే ముందున్న ముగ్గురూ నిద్రపోయినా పడవ నేరుగా పోతుంది. అంత గట్టిది.

"రాత్రికి యాడ పడుకుంటారు మేడమ్?" అన్నాడు, నోట్లో గుండుసూదులు పెట్టుకొనే.

"సరుగుడు తోపులో, ఇసక మీద."

"పాములుంటాయే?"

"ఉంటాయి. మీ ఇంట్లో లేవా?"

ఆయన సూదులు తీసి పక్కన పెట్టి నవ్వినాడు. "మా అమ్మ నన్ను నాలుగు మాటలంటుంది, అననీలే. నా బిడ్డ ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా గరిటతో తెడ్డు వేస్తా ఉండాది. ఒకటే మాట మేడమ్. పొద్దు గూకే లోపల చేరుకున్నామని నా బిడ్డ గొంతుతో ఫోన్ రావాల. రాకపోయిందనుకో, నేను బండేసుకొని గట్టెమ్మడి వచ్చేసి పిలుచుకొచ్చేస్తా. తర్వాత నన్ను అనుకోబాకండి."

అంతటితో ఆగలేదు ఆయన. చొక్కాలు కుట్టించుకోను వచ్చిన తండ్రులకు మెడ చుట్టూ టేపు వేసి పట్టుకొని, "నేను పంపిస్తా ఉండా. నువ్వెందుకు పంపవు?" అని అడగడం మొదలుపెట్టినాడు. కొలతలిచ్చేటప్పుడు మనిషి పారిపోలేడు గదా. ఒక్కొక్కరే ఒప్పుకున్నారు, అందరూ ఆ షరతు మీదే. అంటే, ఆ పిల్ల వెనక్కి పోతే అందరి పిల్లలూ వెనక్కే. ఆ తర్వాత ఇంకెవరూ పంపరు, నేను రిటైరై ఇంట్లో కూర్చుంటాను, కానూలు లారీ ఎక్కి పోతాయి. అన్నిటికీ కలిపి దేవుడిచ్చింది ఆ ఒక్క సాయంత్రం. పక్క బట్టలు తడవకుండా ఉండేదానికి టైలరన్న పాత ఫ్లెక్సీలు కోసి సంచులు కూడా కుట్టిచ్చినాడు. ఒక పిల్ల సంచి మీద ఎవరివో మీసాలు, ఇంకో పిల్ల సంచి మీద "జన్మదిన శుభా" వరకు వచ్చింది.

ఇక ఫ్లెక్సీ. కరస్పాండెంట్, "తండ్రులు ఒప్పుకున్నారా?" అని తెల్లబోయి, వెంటనే తేరుకొని, "అయితే ప్రారంభోత్సవం పెడదాం," అన్నాడు. రేవులో పడవ దించేదానికి ప్రారంభోత్సవమేంది సార్ అంటే వినలేదు. ఆ చుట్టుపక్కల ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఏం పెద్దో చెప్పను, ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచినాడు. ఫ్లెక్సీ మీద ఏం రాయాలో మా తెలుగు అయ్యవారికి చెప్పమన్నాడు.

మా తెలుగు అయ్యవారు మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాడు. పద్యం చదివితే కిటికీలు అదురుతాయి. ఎవరు రిటైరైనా, ఎవరికి ట్రాన్స్‌ఫరైనా మైకు పట్టుకొని, "జీవితమంటేనే ఆటుపోట్లు" అని మొదలుపెడతాడు. అంత ఇష్టమైన మాట ఆయనకది. నేను ఆయనకు ఫోన్లో చెప్పింది ఇదే: "శనివారం మధ్యాహ్నం పోటుకు పడవలు బయలుదేరును."

ఆయన నాకు మేలు చేద్దామనుకున్నాడు. డ్రిల్లు టీచరు గదా, పాపం, నాలుగు తప్పులు మాట్లాడుతుంది, మనం దిద్దుదాం అనుకున్నాడు. టకారానికి కొమ్ము తీసేసి గుడిదీర్ఘం పెట్టినాడు. ఆ తర్వాత వాక్యం అతకలేదు కాబట్టి వాక్యాన్ని కూడా దిద్దినాడు. శుక్రవారం సాయంత్రం నేను రేవు దగ్గరికి పోయేసరికి రెండు సర్వీబాదు కర్రల మధ్య గోడంత ఫ్లెక్సీ వేలాడతా ఉండాది: "శనివారం మధ్యాహ్నం బాలికల పడవ పోటీలు." కింద చేతులు జోడించిన ముఖ్య అతిథి, పక్కన చేతులు జోడించిన కరస్పాండెంట్, మధ్యలో కేరళ పాము పడవ. దాంట్లో వందమంది మగాళ్లు తెడ్లు వేస్తా ఉండారు.

అయ్యవారు అక్కడే ఉన్నాడు. "ఏంది సార్ ఇది?" అన్నాను.

"అచ్చు తప్పు దొర్లకుండా చూశాను మేడమ్ గారూ. పోటు అంటే కత్తిపోటు, తలపోటు. శుభమా అని పిల్లలు పోతుంటే ఆ మాట ఎందుకని."

"మరి ఆటుపోట్లు అంటారే మీరు, దాంట్లో పోటు ఏంది సార్?"

"అది జీవితానికి సంబంధించింది మేడమ్," అన్నాడు.

కరస్పాండెంట్ దగ్గరికి పరిగెత్తినాను. పోటీ కాదు సార్, పోటు, నీళ్లుండే వేళ, అని విడమరిచి చెప్పినాను. ఆయన విన్నాడు, అర్థం చేసుకున్నాడు కూడా. "కానీ మేడమ్, ఫ్లెక్సీ కట్టేశాం గదా," అన్నాడు. వాట్సాప్‌లో ఊరంతా పోయిందంట. పోటీ అన్నందుకే ముఖ్య అతిథి ఒప్పుకున్నాడంట. కప్పు కూడా కొన్నారంట. "మనిషి మాట తప్పొచ్చు గానీ ఫ్లెక్సీ తప్పకూడదు మేడమ్. మధ్యాహ్నం వంతెన దాకా ఒక చిన్న పోటీ పెట్టేయండి. సార్ జెండా ఊపేసి పోతాడు, ఆ తర్వాత మీ ట్రిప్పు మీరు పొండి." నేను తల ఊపి వచ్చినాను. ఇంకేం చేయాల? నాకు కావాల్సింది మధ్యాహ్నం నీళ్లు, జెండా ఎవరు ఊపితే నాకేంది అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం కాలువ గట్టు దాకా నిండింది. పిల్లలు జాకెట్లు వేసుకొని, సంచులు కట్టుకొని, తెడ్లు పట్టుకొని వరసగా నిలబడినారు. జనం బాగా వచ్చినారు. పోటీ అన్నారు గదా, ఐస్ బండి కూడా వచ్చింది. ముఖ్య అతిథి రాలేదు.

"దార్లో ఉన్నారు," అన్నాడు కరస్పాండెంట్.

కాసేపయినాక మళ్లీ అడిగినాను. "నెల్లూరు దాటారు," అన్నాడు. ఇంకాసేపయినాక అడిగితే, "బయలుదేరుతున్నారు," అన్నాడు. ఆయన కారు ముందుకొస్తా ఉందో వెనక్కిపోతా ఉందో నాకు అర్థం కాలేదు.

ఈలోపల నీళ్లు తీయడం మొదలుపెట్టినాయి. ముందు మెట్టు తేలింది. తర్వాత మెట్టు కింద రాళ్లు తేలినాయి. కానూలు నీళ్ల మీద కొంచెం కొంచెంగా కదలడం మానేసి అడుసులో కూర్చున్నాయి. నేను కరస్పాండెంట్ చెయ్యి పట్టుకొని చూపించినాను. "సార్ వచ్చేదాకా ఆగమను మేడమ్," అన్నాడు. ఎవరిని ఆగమనాలో ఆయనకే తెలియాల. అయ్యవారు మైకులో, "మరికొద్ది క్షణాల్లో" అని నాలుగోసారి చెబుతా ఉన్నాడు.

తండ్రులు గట్టు మీద ఒక పక్కన గుంపుగా నిలబడినారు. టైలరన్న పడమటికి చూస్తా ఉన్నాడు, కాలువకేసి చూస్తా ఉన్నాడు, మళ్లా పడమటికి. మా సంఘం పెద్దాయన తన కూతురికి సైగ చేయడం నేను చూసినాను, వచ్చేయ్ అని. ఆ పిల్ల చూడనట్టే తల తిప్పుకొనింది. టైలరన్న కూతురు నా దగ్గరికొచ్చి మెల్లిగా, "మేడమ్, మా అబ్బా షరతు పెట్టినాడు గదా. ఇంక పోలేమా?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లు ఈ పిల్లల్ని ఎండలో నిలబెట్టింది నేనే, వచ్చే మహానుభావుల కోసం. ఈ ఒక్కరోజు నిలబెట్టను అనుకున్నాను.

కానూ నుంచి నీళ్ల దాకా నాలుగు బారల అడుసు. దిగితే మోకాలు దాకా కూరుకుపోతాం, లాగితే కానూ కదలదు. చుట్టూ చూసినాను. అడుసు మీద పరిచేదానికి ఏదైనా ఉందా అని చూస్తే, గోడంతది, నున్నంగా, గట్టిగా, తడికి చిరగనిది, రెండు బాదుల మధ్య వేలాడతా ఉండాది.

"తాళ్లిప్పండి," అన్నాను.

పిల్లలు ఒక్క క్షణం నా మొహం చూసినారు. ఆ తర్వాత చూడలేదు. ఇద్దరు ఒక బాదు, ఇద్దరు ఇంకో బాదు పట్టుకున్నారు. ఫ్లెక్సీ కిందికి జారింది. దాన్ని రేవులో అడుసు మీద వెల్లకిలా పరిచినాం. కరస్పాండెంట్, "మేడమ్, మేడమ్, సార్ ఫోటో," అంటా వచ్చినాడు గానీ, ఆయన బూట్లు కొత్తవి, గట్టు దిగలేదు. మొదటి కానూ ఫ్లెక్సీ మీదికెక్కి ముఖ్య అతిథి మొహం మీదుగా జారి నీళ్లలో పడింది. రెండోది కరస్పాండెంట్ మొహం మీదుగా పోయింది. మూడోది పాము పడవ మీదుగా.

సరిగ్గా అప్పుడే హారన్ కొట్టుకుంటా కారొచ్చింది.

ముఖ్య అతిథి దిగినాడు. అడుసులో తన మొహం చూసుకున్నాడు. దాన్ని తొక్కుకుంటా పోయే పిల్లల్ని చూసినాడు. ఐస్ బండి దగ్గరి జనమంతా ఫోన్లు పైకెత్తి ఉన్నారని కూడా చూసినాడు. ఆయన మొహంలో మబ్బు పట్టింది, మళ్లా దానంతటదే విడిపోయింది. "అదీ స్పిరిట్," అన్నాడు. "మనం కింద పడుండైనా సరే, పిల్లల్ని ముందుకు పంపాల." అని జెండా ఊపినాడు. నేను పెద్దమనిషి అన్నది ఇందుకే. అయ్యవారు మైకులో, "పోటీ ప్రారంభమైనది," అన్నాడు. గట్టు మీద ఈలలేసినారు.

మేం వంతెన దాటి మలుపు తిరిగినాం. పోటు మీద పోయి ఉంటే నీళ్లే తోసుకుపోయి ఉండేవి. ఇప్పుడు నీళ్లు ఎదురొస్తా ఉండాయి. పిల్లలు మాట్లాడకుండా తెడ్డు వేసినారు. వెనక ఇంజను పడవలో మా ఆయా పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకొని, "ఏయండమ్మా, ఏయండి," అని అరుస్తా వచ్చింది. ఎదురు నీళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలు అంతసేపు తెడ్డు ఆపకుండా వేయగలరని నేనే అనుకోలేదు. నా ముప్ఫై ఏళ్ల డ్రిల్లులో నేర్పనిది వాళ్లు ఆ మధ్యాహ్నం ఎండలో నిలబడి నేర్చుకొని వచ్చినారేమో, కోపం.

తోపు దగ్గర సిగ్నల్ లేదు. కానూ ఇసకకు ఆనగానే టైలరన్న కూతురు నా ఫోను లాక్కొని దిబ్బ మీదికి పరిగెత్తింది. నేను ఆయాసపడతా వెనకే పోయినాను. ఒక గీత వచ్చింది. "అబ్బా, వచ్చేసినాం," అంది. అవతల ఆయన ఏమన్నాడో, "ఊ, ఊ, లేదు, తడవలేదు, ఊ," అని ఫోను నాకిచ్చింది.

"మేడమ్," అన్నాడు ఆయన. "ఇంకా వెలుతురుండాది."

అంతే అన్నాడు. నేను ఆ దిబ్బ మీదే కూర్చొని ఏడ్చినాను. పిల్లలు చూస్తే చూసినారు, సంతోషానికి ఏడుస్తా ఉంటే దాచుకునేదేముంది.

రాత్రి గురించి చెప్పేదానికేమీ లేదు. పిల్లలు నిద్రపోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు. కానీ గట్టు మీద ఏం జరిగిందో చెప్పాల. ఇది టైలరన్న చెప్పింది, ఆయన అబద్ధమాడడు. మేం మలుపు తిరిగినాక జనమంతా ఎదురు చూసినారంట, పోటీ గదా, గెలిచినవాళ్లు వెనక్కి వస్తారని. ముఖ్య అతిథి కప్పు పట్టుకొని కుర్చీలో కూర్చున్నాడంట. కాసేపయినాక, "ఎప్పుడొస్తారయ్యా?" అన్నాడంట. కరస్పాండెంట్ చెమట తుడుచుకొని, "రేపొద్దున వస్తారు సార్. లాంగ్ డిస్టెన్స్," అన్నాడంట. ముఖ్య అతిథి కప్పును కాసేపు చూసి, దాన్ని అయ్యవారి చేతికిచ్చి కారెక్కినాడంట.

మర్నాడు పొద్దున మేం తిరిగొచ్చేసరికి తండ్రులంతా రేవులో ఉన్నారు. మా సంఘం పెద్దాయన, "ప్రార్థన ఫలించిందమ్మా," అన్నాడు. ఏ ప్రార్థనో నేనడగలేదు. టైలరన్న తన కూతురి అరచేతులు తిప్పి చూసినాడు. బొబ్బలెక్కి ఉన్నాయి. "మళ్లా ఎప్పుడు మేడమ్?" అన్నాడు.

ఆ వేసవిలో నేను రిటైరైనాను. మరుసటేడు కరస్పాండెంట్ బస తీసేసి, "ద్వితీయ వార్షిక పడవ పోటీలు" అని మాత్రమే పెట్టినాడు. గంటలో అయిపోయే పని, ఫోటోకి వీలు. ఆ తండ్రులే, ఒకరినొకరు అడుక్కుంటా తిరిగిన ఆ తండ్రులే, గుంపుగా పోయి, "రాత్రి బస లేకపోతే అదేం పోటీ సార్?" అని కూర్చున్నారంట. అప్పటి నుంచి ఏటా జరుగుతా ఉండాది, ఆడపిల్లలకే, రాత్రి బసతోనే. పేరు మాత్రం పోటీలే. మీరు కూడా ఎక్కడైనా మొదలుపెట్టాలంటే పేరు కోసం కొట్లాడబాకండి. పేరు వాళ్లకిచ్చేసి నీళ్లు మీరు తీసుకోండి.

నా రిటైర్మెంటు సభలో అయ్యవారు మైకు పట్టుకొని, "జీవితమంటేనే ఆటుపోట్లు" అని మొదలుపెట్టగానే తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా చప్పట్లు కొట్టినారు. ఆయన పొంగిపోయి ఇంకో అరగంట మాట్లాడినాడు. సభ అయినాక టైలరన్న కూతురు నాకొక సంచి ఇచ్చింది. ఆ ఫ్లెక్సీని కడిగి, కోసి వాళ్ల నాయన కుట్టిందే. ఒక పక్క జోడించిన చేతులు ఉండాయి, ఎవరివో తెలియదు. ఇంకో పక్క "పోటీ" అన్న ఒక్క మాట. ఆ పిల్ల గుడిదీర్ఘాన్ని తెల్లరంగుతో కప్పేసి, నల్ల మార్కరుతో కొమ్ము దిద్ది ఉండాది.

ఇప్పటికీ కూరగాయలకు ఆ సంచే తీసుకుపోతాను. మొన్న బజార్లో అయ్యవారు కనిపించినాడు, ఆయన కూడా రిటైరైనాడు. యోగక్షేమాలు అడిగినాడు. మాట్లాడతా మాట్లాడతా సంచికేసి చూసి, నా దగ్గరికి వంగి, ఎవరూ వినకుండా, నా పరువు కాపాడతా చెప్పినాడు.

"మేడమ్ గారూ, మీ సంచి మీద అచ్చు తప్పుంది."